సర్దారు చెవి

గోదావరిఖని చౌరస్తాలో సంపత్ నడిపే యాంప్లిఫయర్ల దుకాణానికి బోర్డు కంటే పెద్ద ప్రచారం కొమురెల్లి చెవి. ఆయన బొగ్గుగనిలో సర్దారుగా చేసి రిటైరైన మనిషి. షిఫ్టు మొదలయ్యేముందు లోపలికి వెళ్లి కర్రతో పైకప్పును తట్టేవాడు. ఖంగుమంటే మనుషుల్ని పనిలోకి రమ్మనేవాడు, డొల్లగా పలికితే వెనక్కి పొమ్మనేవాడు. అలాంటి చెవి ఫలానా యాంప్లిఫయర్ మంచిదంటే జనం కొనరూ మరి!

ఆ చెవే ఆయన్ని లోలోపల పీక్కు తింటోందని మాత్రం ఎవరికీ తెలీదు. ఇరవై రెండేళ్ల కిందట ఒక పొద్దున, తన షిఫ్టు కార్మికుడు రాజం పక్కన ఉండగానే కప్పు తట్టాడు. ఖంగుమనే అంది గానీ, చివర్లో సన్నగా ఏదో తేడా వినపడింది. బొగ్గు తీయాలన్న తొందరలో పోనీలే అనుకున్నాడు. గంట తిరక్కుండా కప్పు కూలి రాజం పోయాడు. విచారణలో బాగానే పలికిందని చెప్పాడు. తేడా విన్న సంగతి కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. రాజం భార్య సారవ్వ ఎదురైతే తలొంచుకుని పక్క సందులోకి తిరిగేవాడు.

ఓ ఆదివారం దుకాణానికి చక్రపాణి వచ్చాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరు, కోస్తా వైపు మనిషి, ప్రతిదానికీ మీటరు పెట్టి చూసే రకం. సౌండు సమానంగా పెడితే మంచి యాంప్లిఫయర్లన్నీ ఒకేలా వినిపిస్తాయనీ, తేడా అంతా పేరు చూసిన కంటిదేననీ తేల్చేశాడు. కొమురెల్లికి ఒళ్లు మండింది.

"ఈ చెవిని నమ్ముకొని నలభై మంది గనిల దిగిన్రు సారూ. పెట్టున్రి మీ పరీక్ష."

పెట్టారు. కొమురెల్లి మెచ్చిన పాత బరువు మిషను ఒకటి, ఆయన చీదరించుకునే చవక మిషను ఒకటి. మీటరుతో రెండింటి సౌండూ సరిచేసి, అడ్డంగా దుప్పటి కట్టారు. దాని వెనక సంపత్ రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే ఒక మిషను, బొరుసు పడితే ఇంకోటి కలిపాడు. పన్నెండుసార్లు విని, ఇది పాతది, ఇది రేకుడబ్బా అని కొమురెల్లి తడుముకోకుండా చెప్పాడు. సగమే సరిపోయాయి.

"చివరి నాలుగుసార్లు బొమ్మనే పడ్డది కాకా. వైరు మార్చనే లేదు" అన్నాడు సంపత్, మెల్లగా.

కొమురెల్లికి తల కొట్టేసినట్టయింది. తనూ ఇలాంటి పరీక్షలో ఓడిపోయానని చక్రపాణి ఓదార్చబోయాడు. ఆయన వింటేగా! ఆ నాలుగుసార్లూ పాతదనీ, రేకుడబ్బా అనీ మార్చి మార్చి చెప్పినా కొమురెల్లి అబద్ధమాడలేదు. లేని తేడా చెవికి నిజంగానే వినపడింది.

"ఒకటడుగుత సారూ. జరగరానిది జరిగినంక, ముందుగాల్నే ఇన్నట్టు సుత అనిపిస్తదా?"

చక్రపాణి మీటరు పక్కన పెట్టాడు. "అనిపిస్తుందండీ. అలాగని అనిపించినదంతా అబద్ధమనీ చెప్పలేం."

ఇదెక్కడి చిక్కు! ఇన్నాళ్లూ తప్పు తనదేనని కుమిలిపోయాడు, ఇప్పుడు ఆ కుమిలిపోవడానికి కూడా ఆధారం లేకుండా పోయింది. ఆ రోజు విన్నాడా, రాజం పోయాక విన్నట్టు అనుకున్నాడా? చెప్పే నాథుడు లేడు. మళ్లీ తట్టి చూద్దామంటే ఆ కప్పే లేదు.

దుకాణం దిగి నేరుగా సారవ్వ ఇంటికి నడిచాడు. ఆమె వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నిలబడే అంతా చెప్పేశాడు. విన్నాననుకున్నదీ, ఇరవై రెండేళ్లు దాచిందీ, అసలు విన్నాడో లేదో ఇప్పుడు తనకే తెలియకుండా పోయిందీ.

సారవ్వ చేతిలో పని ఆపింది.

"కప్పు కొట్టినప్పుడు ఆయన ఏడున్నడు?"

"నా పక్కపొంటే, చెల్లె."

"మరి ఆయనకు సుత చెవులుండె గదనే అన్నా. ఇనే లోపటికి పోయిండు."

ఆ చప్పుడు కొమురెల్లి తానొక్కడే విన్నాననుకున్నాడు గానీ, పక్కనున్న రాజం కూడా విన్నాడన్న ఆలోచన ఇన్నేళ్లలో ఒక్కనాడూ రాలేదు. గడప మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సారవ్వ లేచి లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది.