చిన్నవి వదిలేసే దొంగ

మా అత్తగారూ నేనూ ఒకే పొయ్యి మీద వండుకుంటాం, ఒకే కుళాయి కింద కత్తులు కడుక్కుంటాం, ఒకే వ్యాపారికి సరుకు అమ్ముతాం. ఆ సరుకు ఎక్కడ దొరికిందో మాత్రం ఒకరికొకరం చచ్చినా చెప్పుకోం. అడవి పుట్టగొడుగులు కోసి బతికేవాళ్ళ మర్యాద అది. మొగుడి గుట్టు వీధిలో చాటింపు వేసినా ఎవరూ ఏమనుకోరు గానీ, పసుపు గొడుగులు మొలిచే చోటు బయటపెడితే పిచ్చిదాని కింద జమకడతారు.

అందుకే వానలు మొదలయ్యాక పొద్దున్నే ఆవిడ ముందు గుమ్మంలోంచి, నేను పెరటి గుమ్మంలోంచి బయల్దేరతాం. ఆవిడ వాగు వైపు నడుస్తుంది. అంటే ఆవిడ చోటు వాగు వైపు లేదన్నమాట. నేను రంపపు మిల్లు దాకా పోయి, వెనకెవరూ లేరని తేలాక, కొండ చుట్టూ తిరిగి నా పుట్టగొడుగుల వాలు చేరతాను. ఆ మిల్లులోనే పనిచేసే మా ఆయన, "రోజూ మా గేటు ముందు నుంచే పోతావు, ఇక్కడేం మొలుస్తున్నాయే?" అంటాడు అమాయకంగా. ఆయనకీ చెప్పలేదు. నాకున్నది ఆ ఒక్క వాలే. అది పోతే ఆయన పక్కనే రంపపు పొట్టు ఊడ్చుకోవాలి.

అత్తాకోడళ్ళం ఏకమయ్యేది ఒక్క దొంగని తిట్టడంలోనే. ఆవిడ చోట ఎవడో సగం కోసుకుపోతున్నాడట. నా చోటా అంతే. "వాడి చేతులు పడిపోను" అంటుంది ఆవిడ అన్నం వడ్డిస్తూ. "వాడి కాళ్ళు విరగ" అంటాను నేను కూర అందిస్తూ. అలా ఇద్దరం తృప్తిగా భోంచేస్తాం.

ఈ ఏడాది ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. ఇక ఆ చోటు ఎవరికో ఒకరికి చెప్పక తప్పదు. మా మరిది ఉన్నాడు, వ్యాపారి జీపు తోలతాడు. కత్తితో ఒక్కొక్కటే కోస్తూ కూర్చుంటే తెల్లారినట్టేనని వాడి అభిప్రాయం. ఇనప పళ్ళ దంతె ఒకటి చేయించుకున్నాడు. దానితో నేల గీరితే అరగంటలో బుట్ట నిండుతుంది. కానీ నేల కింద వేర్లలా అల్లుకున్న తెల్లటి దారాలు తెగిపోయి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి అక్కడ ఏమీ మొలవదు. అంత దూరం ఆలోచించే ఓపిక వాడికి లేదు.

"అమ్మాయ్, నా చోటు చిన్నోడికి చెప్పనా, నీకు చెప్పనా?" అంది అత్తయ్య.

ఆవిడ చోటు పుచ్చుకుంటే ప్రతి బుట్టకీ జన్మంతా సంజాయిషీ చెప్పుకోవాలి. నా వాలు నాకుండగా ఆ తలనొప్పి ఎందుకు? "చిన్నోడికే ఇవ్వండత్తయ్యా, ఒక దారిన పడతాడు" అన్నాను, నా అంత విశాల హృదయం లోకంలో లేనట్టు.

"మరి ఆ దంతె?"

"వద్దంటే మానేస్తాడు లెండి. మీ మాట కాదంటాడా?"

వాడు వినడని నాకు తెలుసు. పోయేది ఆవిడ చోటే కదా అనుకున్నాను.

ఆ తర్వాత రెండ్రోజులు ముసురు. తెరిపివ్వగానే కత్తీ బుట్టా పట్టుకుని, మిల్లు మీదుగా చుట్టు తిరిగి నా వాలు చేరాను. చేరాక, దారి తప్పానేమో అనిపించింది. పైన్ చెట్ల కింద నేలంతా దున్నిన పొలంలా ఉంది. ఆకులు ఓ పక్క, మట్టి ఓ పక్క, నలిగిన పసిగొడుగులు మధ్యలో. వాటి మధ్య మా అత్తగారు కూర్చుని ఉంది, ఊతకర్ర పక్కన పడేసి, కాళ్ళు చాపుకుని.

ఆవిడ తలెత్తకుండానే, మనిషి అలికిడికి, "ఎవరైతేనేం, చూసిపో" అంది. "ఇన్నాళ్ళూ దొంగని తిట్టాను. ఆ దొంగే నయం, చిన్నవి వదిలేసేవాడు. నా కడుపున పుట్టినవాడు అవి కూడా మిగల్చలేదు."

"ఆ దొంగని నేనే, అత్తయ్యా. నా చోటూ ఇదే" అన్నాను.

అప్పుడు చూసింది. నా మొహం, చేతిలో కత్తి, నేనొచ్చిన మిల్లు వైపు దారి. తనొచ్చిన దారి వైపూ ఓసారి చూసుకుంది.

"మరి వాడికే ఇమ్మన్నావు గదే?"

"పోతే మీ ఒక్కరి చోటే పోతుందనుకుని అన్నానత్తయ్యా."

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "నేనూ అంతేలే. నీకెలాగూ వేరే చోటుంది, ఏం ఫర్వాలేదనుకుని వాడికి చెప్పాను" అంది.

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. తర్వాత ఇద్దరం వంగి, తెగిన దారాల మీద మట్టి సర్ది, ఆకులు కప్పాం. మళ్ళీ మొలుస్తాయని కాదు, చేతులకి అది అలవాటు.

ఆవిడ మోకాళ్ళు లేవనివ్వలేదు. నా భుజం అందించాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక మొదటిసారి ఇద్దరం అడవిలోంచి ఒకే దారిన ఇంటికొచ్చాం. దాచుకోవడానికి ఇంకేముందని?