రంగు పట్టేలోపు ఒక పాఠం

పండు చదవదని ఎవరూ అనలేరు. పదకొండో తరగతిలో చేరినప్పట్నుంచి ఆ పిల్ల పుస్తకం ముందేసుకుని కూచోని సాయంత్రం లేదు. ముఖ్యమైన వాక్యాల మీద పసుపురంగు పూసేది, మరీ ముఖ్యమైనవాటి మీద గులాబీరంగు. పోనుపోను పేజీలో రంగు అంటని వాక్యం కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. అయినా అర్ధసంవత్సర పరీక్షల్లో జీవశాస్త్రం తప్పింది.

"అన్నీ చదివినవేనమ్మా. పేపర్లో ప్రతిదీ తెలిసిన మొహంలాగే కనపడింది. పేరే గుర్తు రాలేదు" అంది ముక్కు చీదుకుంటూ.

వాళ్లమ్మ మందుల షాపులో పొద్దస్తమానం నిలబడి వచ్చింది. కోప్పడే ఓపిక కూడా లేదు. పక్కగదిలో పండు అన్నయ్య డ్రమ్ములు నేర్చుకుంటున్నాడు. గోడలు అదురుతున్నాయి.

"ఈ ఇంట్లో నీకు చదువెక్కదు గానీ, రేపట్నుంచి బడి అవగానే పిన్ని దగ్గరికెళ్లు" అంది.

పిన్నికి బ్యూటీపార్లర్ ఉంది. రెండు కుర్చీలు, గోడ నిండా అద్దం, మూలన తల కడిగే సింకు. ఆ సింకు పక్కన స్టూలేసుకుని పండు మళ్లీ గులాబీరంగు పెన్ను తీసింది.

ఆ సాయంత్రం కుర్చీలో వీధిచివరి బేకరీ ఆవిడ ఉంది. జుట్టుకి రంగు పట్టించుకుని, తలకి ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని, కదలకుండా కూచుంది. కళ్లజోడు తీసేసింది కాబట్టి ఫోను చూసుకోడానికీ లేదు.

"ఏం చదువుతున్నావమ్మాయ్?"

"గుండె గురించండీ ఆంటీ."

"నాకూ ఉందిగా ఒకటి. అదెలా పనిచేస్తుందో చెప్పు, వింటాను."

పండు హుషారుగా పైకి చదవడం మొదలెట్టింది. బేకరీ ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"చదవమన్లేదు, చెప్పమన్నాను. చదివితే నాకు నిద్రొస్తుంది."

పండు పుస్తకం మూసింది. "గుండెకి నాలుగు గదులుంటాయి. పైన రెండు, కింద రెండు."

"ఊఁ."

"ఒళ్లంతా తిరిగిన రక్తం కుడివైపు గదిలోకి వస్తుంది."

"వచ్చి?"

ఇందాకే ఆ తర్వాతి వాక్యానికి పండు చక్కగా రంగు పూసింది. రంగు గుర్తుంది, వాక్యం లేదు. ఒళ్లు మండి పుస్తకం తెరిచి చూసింది.

"ఊపిరితిత్తులకి వెళ్తుందండీ, గాలి కోసం."

"మరి వచ్చినదారినే వెనక్కి పోదూ?"

మళ్లీ పుస్తకం. "పోదు. మధ్యలో తలుపుల్లాంటివి ఉంటాయి. ఒకవైపుకే తెరుచుకుంటాయి."

"మా వంటగది తలుపూ అంతే, ట్రేతో నెడితే తెరుచుకుంటుంది గానీ ఇటు లాగితే చచ్చినా రాదు" అంది బేకరీ ఆవిడ తృప్తిగా.

ఇంటికెళ్లేటప్పుడు పండు దారంతా ఆ తలుపుల గురించే ఆలోచించింది. మర్నాడు స్టూలెక్కగానే పుస్తకం తెరవకుండా గుండె కథంతా ఒకసారి పిన్నికి అప్పజెప్పింది. రెండుచోట్ల తడబడింది. ఆ రెండూ మాత్రమే పుస్తకంలో చూసుకుంది.

అలా మొదలైంది. జుట్టుకి రంగు వేయించుకోడానికి ఎవరొచ్చినా పండు అడిగేది, "నిన్నటి పాఠం వింటారా, ఇవాళ్టిదా?" అని. కొందరు రెండూ విన్నారు. ఒకావిడ మాత్రం, "ప్రశాంతంగా ఉంటుందని వచ్చానమ్మా, నన్నొదిలెయ్" అంది. పండు కాస్త చిన్నబుచ్చుకుని, పాత కాగితం వెనక గుర్తున్నంతా రాసి, రాయలేకపోయినది వెతుక్కుంది.

మూత్రపిండాల పాఠం రోజు చిక్కొచ్చిపడింది. పాఠం మాంచి రసపట్టులో ఉండగా పిన్ని కూడా దువ్వెన పట్టుకుని నిలబడి వింటూ, అలారం పెట్టడమే మర్చిపోయింది. తల కడిగి చూస్తే లేత గోధుమరంగు కావాల్సిన బేకరీ ఆవిడ జుట్టు బొగ్గులా తేలింది.

ఆవిడ అద్దంలో ఇటూ అటూ తిరిగి చూసుకుంది.

"మా ఆయన గుర్తుపడతాడంటావా?"

"పడతారక్కా" అంది పిన్ని బిక్కమొహంతో.

"అదే నా బాధ" అని ఆవిడ పకపకా నవ్వేసింది.

ఆ రోజు నుంచి పిన్ని ఒక నియమం పెట్టింది. ముందు అలారం, ఆ తర్వాతే పాఠం. అలారం మోగితే రక్తం ఏ గదిలో ఉంటే ఆ గదిలోనే ఆగిపోవాలి. తల కడిగినంతసేపూ పండు గుమ్మంలోకెళ్లి వీధి చూసొచ్చేది. తిరిగొచ్చి ఆపిన చోటు తనే గుర్తు తెచ్చుకునేది. ఇంట్లో గంటలకొద్దీ కూచుంటే ఎక్కనిది, ఇక్కడ ఆ కాసేపట్లో ఎక్కుతోందని దానికే ఆశ్చర్యంగా ఉండేది.

ఏడాది చివరి పరీక్షలో జీవశాస్త్రం పాసయింది. క్లాసులో మొదటిస్థానం కాదు గానీ, టీచరు పేపరు చేతికిస్తూ, "నీ సొంత మాటల్లో రాశావే" అంది.

సెలవుల్లో ఒక ఆదివారం వాళ్లమ్మ కూడా పార్లర్‌కి వచ్చింది, చాన్నాళ్లకి తనకోసం కాస్త తీరిక చేసుకుని. పిన్ని తన అక్క తలకి రంగు పట్టించి అలారం పెట్టింది. పండు స్టూలు దగ్గరికి లాక్కుని, పై తరగతి పుస్తకంలో ముందే చదువుకున్న కాంతి పాఠం మొదలెట్టింది. వెలుగు నీళ్లలోకి వెళ్లేటప్పుడు ఎందుకు వంగుతుందో చెప్పేలోపే, మెత్తటి కుర్చీలో వాళ్లమ్మ తల పక్కకి వాలిపోయింది. సన్నగా గురక వినపడింది.

"పోన్లే, ఆపెయ్" అంది పిన్ని.

"ఇంకొంచెమే ఉంది పిన్నీ" అంది పండు. గొంతు తగ్గించి, పాఠం చివరిదాకా చెప్పింది.