ముసలాయన తుపాకీకి మర

ఆ ఇంట్లో గుసగుసగా పోట్లాడుకోవడం కుదరదు. హెక్టర్ మాథెసన్‌కి ఒక మాట వినపడాలంటే అది ముందు వంతెన అవతలి పోస్టాఫీసుకు వినపడాలి. అందుకే మాథెసన్ల ఇంటి తగాదాలు ఆ లోయంతటికీ ఉమ్మడి ఆస్తి.

ఆ ఉదయం ఓట్స్ జావ గిన్నెల మీదుగా కోడలు ఊనా గొంతెత్తింది. "గొట్టం చివర అర అంగుళం మర కోయిస్తానన్నాను మామయ్యా. తుపాకీని కరగబెడతాననలేదు."

"ఎందుకు కోయించడం?"

"చప్పుడు తగ్గించే మోడరేటర్ బిగించడానికి. ఎన్నిసార్లు చెప్పను?"

"అదేలే. తుపాకీ నోట్లో గుడ్డ కుక్కడానికి." ముసలాయన చెంచా నాకి పక్కన పెట్టాడు. "నలభై ఏళ్లు ఈ కొండ మీద దుప్పుల్ని కొట్టాను. చప్పుడెక్కువైందని ఒక్క దుప్పీ ఫిర్యాదు చెయ్యలేదు."

"దుప్పులు చెయ్యలేదు, మీ చెవులు చేశాయి. మీకది వినపడలేదు."

వాళ్లిద్దరి మధ్య కూర్చున్న లాక్లన్ నవ్వబోయి, తండ్రి ముఖం చూసి దగ్గాడు.

ఒకప్పుడు హెక్టర్ చేసిన ఉద్యోగమే ఇప్పుడు లాక్లన్ చేస్తున్నాడు. ఎస్టేటుకు వేటకొచ్చే అతిథులను కొండెక్కించి, గాలివాటం చూసి, దుప్పికి దగ్గరగా పాకించి తీసుకెళ్లి, తుపాకీ వాళ్ల చేతిలో పెట్టి పక్కనే పడుకోవాలి. దుప్పి అతిథిది, ఫొటో అతిథిది, పేలుడు మాత్రం లాక్లన్ ఎడమ చెవిది. అతిథులు లేని చలికాలంలో ఆడదుప్పుల మందను తగ్గించడానికి తనే పేలుస్తాడు. చెవులు మూసుకుంటే అడుగుల చప్పుడూ గాలి మలుపూ తెలియవు. అవి తెలియనివాడికి ఆ ఉద్యోగమే లేదు. జనవరిలో ఇన్వర్నెస్‌లో చెవుల డాక్టరు ఒక కాగితం మీద గీత చూపించింది. సగం దూరం తిన్నగా నడిచి, తర్వాత గట్టు తెగినట్టు కిందికి పడిపోయింది ఆ గీత. ఇలాగే కొనసాగితే ఇంకొన్నేళ్లకు రెండో చెవీ అంతేనంది. ఊనా ఆ కాగితాన్ని మడవకుండా ఇంటికి తెచ్చింది.

చుట్టుపక్కల ఎస్టేట్లలో మోడరేటర్ లేని తుపాకీ ఇప్పుడు లేదు. కానీ ఇది హెక్టర్ తుపాకీ. పాతికేళ్లు కొలువు చేశాక పాత దొర లండన్‌లో చేయించి ఇచ్చాడు. గొట్టం చివర గురి చూడటానికి చిన్న వెండి పూస ఉంటుంది. మర కోయాలంటే ఆ పూస పోవాలి. మోకాళ్లు పట్టేసిన ఏడాది హెక్టర్ దాన్ని కొడుకు పేరున రాయించాడు గానీ, మనసులో నుంచి దించలేదు.

"నాన్న ఉన్నంతకాలం వద్దులే ఊనా," అనేవాడు లాక్లన్.

"ఆయన నూరేళ్లుంటారు. అప్పటికి నేను సరేలే అన్నా నీకు వినపడదు."

చలికాలంలో ఊనా కూడా ఆడదుప్పుల వేటకు వెళ్తుంది కాబట్టి ఆమెకూ లైసెన్సు ఉంది. తుపాకీ ఆమె లైసెన్సులోనూ ఉంది. మోడరేటర్ కోసం పోలీసు అనుమతి తెప్పించింది, ఇన్వర్నెస్‌లో తుపాకులు బాగుచేసే గిలీస్‌కి ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకుంది. మామగారితో గొడవ ఒక్కటే మిగిలింది. అది ఎలాగూ పెళ్లయినప్పటి నుంచీ ఉన్నదే.

ఫిబ్రవరి నడుమ, వేట కాలం ముగియబోతున్న ఒక మధ్యాహ్నం, లాక్లన్ ఒంటరిగా నల్లకోన వైపు వెళ్లాడు. హెక్టర్ పెరట్లో కొండకు ఎదురుగా నిలబడి పొయ్యిలోకి చితుకులు కొడుతున్నాడు. బార్లీ సూప్ చల్లారిపోతోందని చెప్పడానికి ఊనా గరిటె, గిన్నె చేతిలోనే పట్టుకుని బయటికొచ్చింది.

"మామయ్యా!"

ఆయన వీపు కదల్లేదు. ఇంకా దగ్గరికి వెళ్లి పిలిచింది. గరిటెతో గిన్నె మీద ఠంగుమని కొట్టింది. కంచె మీది కాకి ఎగిరిపోయింది గానీ ఆయన గొడ్డలి లయ తప్పలేదు. భుజం తట్టడానికి ఊనా చెయ్యి చాచింది.

అప్పుడు నల్లకోనలో తుపాకీ పేలింది. ఆ మోత ఒక కొండకు తగిలి, రెండో కొండకు తగిలి, బరువుగా దొర్లుకుంటూ లోయలోకి దిగింది.

గొడ్డలి ఆగింది. హెక్టర్ తల పైకెత్తాడు. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో నాలుకతో చూసుకునే మనిషిలా, ఆ మోత చివరి తునక అణిగేదాకా కదలకుండా నిలబడ్డాడు. తర్వాత గొడ్డలి దుంగలో దించి, వెనక్కి తిరిగి చూడకుండానే పెరటి చివర, దుప్పుల్ని కోసే మాంసం కొట్టు గది వైపు నడిచాడు. కోటు జేబులోంచి తాళంచెవి తీశాడు. దుప్పిని వేలాడదీసే గొలుసు కిందికి లాగాడు. కొళాయి తిప్పి నేల కడిగాడు. కత్తులు వరసగా రాతిబల్ల మీద పరిచాడు.

ఈ పని ఆయన చేయడం ఊనా పదకొండేళ్లుగా చూస్తోంది. కొండ మీద ఫోన్లు పనిచెయ్యవు గనుక, ఏ వేళకు సిద్ధం చేయాలో లాక్లన్ పొద్దున్నే చెప్పి వెళ్తాడనుకునేది. గిన్నె పట్టుకుని ఆయన వెనకాల నిలబడటం ఇదే మొదలు.

సన్నని శబ్దాలు ముందు పోతాయని, లావు శబ్దాలు చివరిదాకా నిలుస్తాయని డాక్టరు చెప్పింది. మోడరేటర్ గురించి గిలీస్ ఫోన్‌లో చెప్పిందీ ఊనాకు గుర్తొచ్చింది. "ఆ లావు మోతనే మింగేస్తుందమ్మా. తూటా గాలిని చీల్చే సన్నటి ఠప్పు మాత్రం మిగులుతుంది."

ఆమె కొట్టు గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. హెక్టర్ ఆమె నీడ చూసి తిరిగాడు.

"ఏంటి చూస్తున్నావ్?"

ఆమె కొండ వైపు వేలు చూపించి, పెదవులు ఆయనకు కనపడేలా మెల్లగా అంది. "అది మీకు వినపడుతుంది."

ఆయన ఒక కత్తిని రెండో కత్తికి సమంగా జరిపాడు.

"గొడవ పూస గురించి కాదన్నమాట," అంది ఊనా.

"పూస గురించే."

"మామయ్యా..."

"పూస గురించే అన్నాను. వాడితో ఇంకోలా చెప్పావో, నీ చేతి కూడు ముట్టను."

"ముట్టకపోతే సూప్ మిగులుతుంది." అలవాటు కొద్దీ నోటికొచ్చేసింది. తర్వాత అడిగింది, "లాక్లన్‌తో మీరే చెప్పొచ్చుగా? తెలిస్తే చచ్చినా కోయించడు."

"అందుకే చెప్పను." ముసలాయన ముఖం ఎర్రబడింది. "నాకు జడిసి మానుకుంటే మానుకోమను. జాలిపడి మానుకుంటే వాడి కొలువులో నేను కుంటి కుక్కనవుతాను. నీకు అర్థం కాదులే. నువ్వు పోస్టుమాస్టరు కూతురివి."

"నేను చెప్పను," అంది ఊనా.

ఆయన నోరు మూయించడానికి కాదు ఆ మాటిచ్చింది. చెప్పకపోతేనే తన పని అవుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసిందని ఇద్దరికీ కోపం వచ్చింది. లాక్లన్ దుప్పిని దించుకొచ్చేసరికి ఆమె వంటింట్లో ఆయన సూప్‌ను కుండలోకి తిరిగి పోస్తోంది.

వేట కాలం ముగిసిన మరుసటి వారం ఊనా తుపాకీని కారులో పెట్టుకుని ఇన్వర్నెస్ వెళ్లింది. గిలీస్ దాన్ని గుడ్డ మీద పడుకోబెట్టి చాలాసేపు ముట్టుకోలేదు.

"ఇది హెక్టర్ తుపాకీ కదూ. ఆయన ఒప్పుకున్నాడా?"

"లైసెన్సులో ఉన్న పేర్లు నాదీ మా ఆయనదీ."

"నేనడిగింది అది కాదు."

"నేను చెప్పేది అదే."

గిలీస్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే. మర కోతకు నూట అరవై పౌండ్లు. పూస తీసి ఆ చోటు నునుపు చేసి నల్లరంగెక్కించడానికి అరవై. తర్వాత బర్మింగ్‌హామ్ పంపి, ఎక్కువ మందుతో పేల్చి చూపించి గొట్టం గట్టిదేనని ముద్ర వేయించాలి, దానికింకో డెబ్బై. మోడరేటర్ వేరే. ఇదంతా చిల్లరమ్మా. ఈ తుపాకీని ఇలాగే అమ్మితే కొత్తవి మూడొస్తాయి. లేత్ మిషన్ మీదికెక్కిందంటే సగం ధర కూడా పలకదు. అమ్మి కొత్తది కొనుక్కోండి. ఎవరికీ నొప్పి ఉండదు."

ఊనా ఆలోచించింది. కొత్త తుపాకీ వచ్చినా మోడరేటర్‌తోనే వస్తుంది. నొప్పి ఉండేచోటే ఉంటుంది. పైగా ముసలాయన తుపాకీ ఎవరో పళ్ల డాక్టరు ఇంటి గోడ మీద వేలాడుతుంది.

"కోసెయ్యండి," అంది.

ఏప్రిల్‌లో తుపాకీ తిరిగొచ్చింది. లాక్లన్ దాన్ని చూసి భార్యతో రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు మోడరేటర్ బిగించి చూసుకున్నాడు. హెక్టర్ ఒకసారి గొట్టం చివర చూశాడు. "తోక కోసిన నక్కలా ఉంది," అన్నాడు. ఆ తర్వాత ఊనాతో మాట్లాడటం మానేశాడు. ఆమె ఎదుటే కూర్చుని, "బంగాళాదుంపలు ఉడకలేదని మీ ఆవిడతో చెప్పు," అని లోయంతా వినపడేలా కొడుకుతో అనేవాడు. "పళ్లు పెట్టుకుని నమలమని మీ నాన్నతో చెప్పు," అని ఊనా అంతకంటే గట్టిగా అనేది. వేసవి అలా గడిచింది.

సెప్టెంబరులో మొదటి అతిథి వచ్చాడు. లాక్లన్ అతన్ని తీసుకుని నల్లకోనకు ఎక్కాడు. ఆ రోజు ఆ కాలానికి లేని ఎండ. ఊనా పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. హెక్టర్ గోడవార బల్ల మీద కొండకు ముఖం పెట్టి కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక కొండ మీంచి సన్నగా ఠప్పుమంది. ఎండుపుల్ల విరిగినట్టుంది. ఊనాకు వినపడింది. హెక్టర్ అలాగే చూస్తూ కూర్చున్నాడు, ఒక చెయ్యి మోకాలి మీద, రెండోది కోటు జేబు మీద. ఎదురుచూస్తున్నాడు.

ఊనా తడి దుప్పటి బుట్టలో పడేసి ఆయన వైపు నడిచింది. ఆమె ముఖం చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది.

"లోపలికి పో," అన్నాడు. నెలల తర్వాత ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. "నువ్వు వచ్చి గంట కొడితే లేచేవాణ్ణి కాదు నేను."

ఆమె లోపలికి పోయింది.

లాక్లన్ గుర్రం మీద కొమ్ముల దుప్పిని వేసుకుని దిగేసరికి కొట్టుకు తాళం వేసే ఉంది. దుప్పి చుట్టూ ఈగలు ముసిరాయి. అతిథి పక్కనే ఉన్నాడన్న సంగతి కూడా చూసుకోలేదు లాక్లన్.

"నాన్నా, ఏం చేస్తున్నావ్ ఇంతసేపూ? గొలుసు దించలేదు, నేల కడగలేదు. ఎండ చూశావా? ఈ మాంసం పాడైతే ఎస్టేటుకు ఏం చెప్పను?"

ఊనా గుమ్మంలోకి వచ్చింది. "నేనే ఆపానులే. వంటింట్లో పొయ్యి గొట్టం పూడుకుపోతే చూడమన్నాను."

హెక్టర్ ఆమె పెదవులే చూస్తున్నాడు. "అబద్ధం," అన్నాడు. "నిద్రపోయాను."

"నువ్వా? పగటిపూటా?"

"ముసలాణ్ణిరా. నిద్రపట్టింది. తిట్టేదేదో తిట్టి పని చూసుకో."

అతిథుల ముందు ఎప్పుడూ కూర్చోను కూడా కూర్చోని మనిషి ఆ మాట అతిథి ముందు అన్నాడు. అతిథి మర్యాదగా కొండ వైపు చూశాడు. లాక్లన్ తిట్టలేదు. హెక్టర్ తాళం తీశాక, ముగ్గురు మగవాళ్లూ కలిసి దుప్పిని పైకి లాగారు. ఊనా సాయానికి రాబోతే హెక్టర్ మోచేత్తో పక్కకు తోశాడు.

రాత్రి భోజనాల దగ్గర ఊనా మటన్ పులుసు వడ్డిస్తోంది. లాక్లన్ చెంచా పట్టుకుని ఆగిపోయాడు.

"ఊనా, మోగడం లేదు," అన్నాడు చిన్నగా.

"ఏది?"

"చెవి. పేల్చిన రోజు రాత్రంతా ఈల వేసినట్టుండేది. ఇవాళ లేదు. పొయ్యి మీద కెటిల్ సణుగుతోంది చూడు, వినపడుతోంది."

హెక్టర్ కొడుకు పెదవులు అందుకోలేకపోయాడు. కోడలి వైపు తిరిగాడు. "ఏమంటున్నాడు వాడు?"

ఊనా గరిటె దించింది. దీపం వెలుగు తన ముఖం మీద పడేలా ఆయనకెదురుగా వంగింది. అరవలేదు. "చెవి మోగడం లేదట."

ఆయన రొట్టె తుంచి, పులుసులో ముంచి, నమిలి మింగాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు.

"రేపట్నుంచి కొట్టు నువ్వు చూసుకో."

"నాకు చేతకాదు."

"తెలుసు. పేల్చడం వచ్చింది గానీ కత్తి పట్టడం రాలేదు నీకు. పొద్దున్నే రా. ఒకటికి రెండుసార్లు చెప్పను."

"ఒకసారి సరిగ్గా చెబితే చాలు," అంది ఊనా, తాళంచెవి తీసుకుంటూ.

లాక్లన్ ఇద్దరి ముఖాలూ చూశాడు. "ఇప్పుడేమైంది మీకు? కొట్టు ఆవిడకెందుకు?" అని మామూలు గొంతుతో అడిగాడు. ఒకరికి వినపడలేదు. రెండోవారు వినపడనట్టు పులుసు వడ్డించారు.