మిగిలిన ముప్పై కేబీలు

మెమరీ కార్డును చొక్కా అంచుకు తుడిచి, ఉఫ్ అని ఊది కంప్యూటర్లో దూర్చాడు లైటన్ నంఖుమ్వా. జోంబా బజారులో గొడుగుల కింద కూర్చుని ఫోన్లలోకి పాటలెక్కించేవాళ్లు పదిమంది ఉన్నా, ఫైలు సైజు చూసి అది ఏ పాటో చెప్పగల మొనగాడు ఇతనొక్కడే. ఆ మాటకొస్తే మలావీ మొత్తం మీద ఇతనొక్కడే.

పద్నాలుగేళ్లుగా అదే గొడుగు. నీడ చాలక ఎడమ భుజం కమిలి కుడిదాని కంటే ఒక వన్నె నలుపెక్కింది.

ఎదురుగా మక్విన్జా తాత కూర్చున్నాడు. పెళ్లాడి వచ్చి ముప్పై ఆరేళ్లు భార్య ఊళ్లోనే బతికాడు. ఆమె పోయింది, నలభై రోజులూ గడిచాయి, ఇక ఆచారం ప్రకారం ఆ ఊళ్లో ఆయనకు చోటు లేదు. మధ్యాహ్నం బస్సుకి చెల్లెలి ఊరు వెళ్లిపోవాలి. ఆ కార్డులో, ఆస్పత్రి మంచం మీంచి భార్య ఫోన్లో పలికి పంపిన మాట ఉంది.

లైటన్ నొక్కాడు. ముప్పావు నిమిషం దగ్గు, ఆ తర్వాత గొంతు వచ్చింది. "ఇదిగో, విను. నువ్వెళ్లేటప్పుడు మావాళ్లు ఏమన్నా సరే, ఇంట్లోంచి ఆ..."

అంతే. ఆగిపోయింది.

"ఆ... ఏంటది? చాపా, రేడియోనా?" అన్నాడు తాత. "బావమరిది ఏదీ ముట్టనివ్వట్లేదు. నా పెళ్లాం చెప్పినట్టు వినిపిస్తేనే ఇస్తాట్ట."

లైటన్ ఫైలు వివరాలు తెరిచాడు. సైజు తొంభై ఎనిమిది కేబీలు. దాని కిందే, డిస్కు మీద సైజు నూట ఇరవై ఎనిమిది. ఆ రెండో అంకెను ఎన్నడూ పట్టించుకోలేదు. తల గోక్కున్నాడు.

"తాతా, మాట ఇంత. అది పట్టిన చోటు అంత. మధ్యలో ముప్పై ఉంది. లెక్కన ఇరవై సెకన్ల మాట."

"మరి వినిపించవేం?"

"వినబడట్లేదే!"

"సంచి పెద్దదంటావు, పిండి తక్కువంటావు. మరి సంచిలో మిగతాదేంట్రా?"

కంప్యూటర్లో పెడితే పలుకుతుందేమోనని లైటన్ కాపీ చేశాడు. సైజు తొంభై ఎనిమిదే. డిస్కు మీద మాత్రం వంద! ముప్పై ఉన్నది రెండయిందేమిటి? మిగతా ఇరవై ఎనిమిదీ దారిలో తనే ఒలకబోశాడా? ఏదైనా రాలిందేమోనని కీబోర్డు ఎత్తి కింద కూడా చూశాడు. పక్క గొడుగు మాటోలాని అడిగాడు.

"నాకు తెలిస్తే ఆఫీసులో ఫ్యాను కింద ఉండేవాణ్ని కదరా! మొనగాడివి నువ్వు, నువ్వే చెప్పు!"

మొనగాడే మరి. పోయిన వారం పెళ్లిపాటని ఇతను బల్లగుద్ది చెప్పిన ఫైలు, తీరా వింటే కోళ్లకు టీకాల ప్రకటన. ఫైలుకి చోటిచ్చే గళ్లు కార్డులో పెద్దవి, కంప్యూటర్లో చిన్నవి, చివరి గడిలో మిగిలేది మాట కాదు, వట్టి ఖాళీ అని ఆ బజారులో ఎవరికీ తెలీదు.

తాత ఎక్కాల్సిన బస్సు కండక్టరు "మంగోచి, మంగోచి" అని అరుస్తున్నాడు.

"తాతా, నేనే పోగొట్టానేమో," అన్నాడు లైటన్, తలెత్తకుండా. "మిగతా మాట ఇందులోకి వస్తూ ఎక్కడో చిక్కుకుంది."

తాత లేచి నిలబడ్డాడు.

"మాట సగంలో వదిలి పొయ్యి దగ్గరికి పరిగెత్తడం దానికలవాటే. ఈ సగం కూడా నీ దగ్గరే ఉంచు నాయనా. అదొచ్చి వెతుక్కుంటే రెండూ ఒకచోటే దొరకాలి."

వట్టి చేతులతో బస్సెక్కాడు. బల్ల మీద ఆయన టోపీ ఉండిపోయింది, అంచు చెమటకి నల్లబడి.

టోపీ మాత్రం కథ చెబుతున్న నేను కల్పించాను. తాత నెత్తిన ఎన్నడూ టోపీ లేదు. నిజంగా మిగిలింది గోరంత కార్డు, లైటన్ అగ్గిపెట్టెలో, కాస్త దూది మీద.