రెండు కూపేలూ షెడ్డు తాళాలూ

పెట్రోలు ఇంజను పాడుతుంది, డీజిలు ఇంజను దగ్గుతుంది. ఈ మాట నేను మెకానిక్కునైన నాటి నుంచీ అంటున్నాను. వినీ వినీ నా భార్య చెవులు చిల్లులు పడ్డాయి. నా కూతురు మాత్రం ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసి, పోయి పోయి డీజిలు పనే నేర్చుకుంది. నాకు ఒళ్లు మండదా మరి!

ఇద్దరిదీ ఒకటే షెడ్డు. ఎడమ పక్క నా పెట్రోలు బళ్లు, కుడి పక్క దాని డీజిలు బళ్లు, మధ్యలో పాత టైర్ల గుట్ట. తాళాలు మాత్రం నా నడుముకే. పొద్దున్న షట్టరు ఎత్తేదీ నేనే, ఏ పని ముందో ఏది వెనకో చెప్పేదీ నేనే. ఆ పెత్తనం తనకిమ్మని నా కూతురు ఏడాదిగా అడుగుతోంది. "నీకింకా చెవి కుదరలేదే" అని దాటేస్తున్నాను. చెవి అంటే మా పనిలో, మీటరు చూడకుండా మోత విని ఇంజనుకు ఏం కావాలో పట్టుకోవడం. అది నాకున్నంత ఇంకెవరికీ లేదని నా నమ్మకం.

నాకొక ఎర్ర కూపే కారు ఉంది. రెండే తలుపులు, వాలిన టాపు, వెనక సీటులో పిల్లి కూడా ముడుచుకునే కూర్చోవాలి. బోల్టు బోల్టూ నా చేత్తో విప్పి బిగించిన పెట్రోలు బండి. నా కూతురు అచ్చం అలాంటిదే డీజిలుది, గుద్దుకుని నుజ్జయినది, తెచ్చి బాగు చేసుకుని బూడిద రంగు వేసింది. అప్పటి నుంచి అన్నం దగ్గర కూడా ఏది ముందు పరుగందుకుంటుందన్న గోలే.

"నాన్నా, పందెం" అంది ఓ రోజు కంచం ముందే. "రెండు బళ్లూ ఆపి ఉంచి ఒకేసారి వదులుదాం. నాది ముందొస్తే తాళాలు నాకిచ్చెయ్యాలి."

"రాకపోతే?"

"ఇంక జన్మలో అడగను."

నేను ఎగిరి గంతేశాను. నా భార్య మాత్రం నన్ను ఎగాదిగా చూసి, మజ్జిగ నా కంచంలో కాకుండా దాని కంచంలో పోసింది.

మూతపడ్డ సిమెంటు ఫ్యాక్టరీ వెనక పొడుగాటి రోడ్డుంది, పురుగు కూడా తిరగదు. ఆదివారం అక్కడికి వెళ్లాం. నా భార్య దర్జీ. మెడలో టేపుతోనే వచ్చి, చివరి తెల్లరాయి దగ్గర నిలబడి ఎర్ర లైనింగు గుడ్డ పైకెత్తింది. గుడ్డ దిగింది.

ముందు దూకింది డీజిలే. దాని బలం అడుగు నుంచే, అంటే ఇంజను మెల్లగా తిరిగేటప్పుడే, వస్తుంది. అయినా చెయ్యి గేరు మీదకు పోనివ్వలేదు. ఇంజను తిరుగుడు చూపే మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయి ఇంజను గొంతెత్తి పాడాకే రెండో గేరు వేశాను. అక్కడి నుంచి బూడిద బండి నా పక్కన ఆగిపోయినట్టే అనిపించింది. సగం బండి తేడాతో నేను గెలిచాను.

"చూశావా! పాట గెలిచింది, దగ్గు ఓడింది!"

పిల్ల ముఖం వాడిపోయింది. బండి దిగి నా దగ్గరకొచ్చింది.

"తాళాలు నీవే నాన్నా. మాటంటే మాటే. కానీ గెలిచింది బండా, నువ్వా?"

"ఇద్దరమూ!"

"ఎవరి వాటా ఎంతో తెలియాలిగా. బళ్లు మార్చుకుని ఇంకోసారి వెళదాం. పందెం కాదు, ఊరికే."

గెలిచినవాడికి భయమేమిటి? సరేనన్నాను.

గుడ్డ దిగగానే బూడిద బండి నన్ను సీటుకు అదిమేసింది. నేను పాట కోసం ఆగాను. పాట రాలేదు. ముల్లు సగం దాటేసరికే బండికి ఊపిరి అందడం లేదు, నేను మాత్రం మొండిగా తొక్కుతూనే ఉన్నాను. ఇంతలో పక్క నుంచి నా ఎర్ర కూపే వచ్చింది. పరిగెత్తే నా బండి మోత బయటి నుంచి వినడం నాకదే మొదటిసారి. గొంతు పెరుగుతోంది, ఇంకా పెరుగుతోంది. "వెయ్యవే, గేరు వేసెయ్యి" అని నాలో నేనే అరిచాను. అది వెయ్యలేదు. నేను కూడా జంకి వదిలేసే చోటు దాటించి, ఇంకొక్క రవ్వ ఆగి, అప్పుడు వేసింది. ఒళ్లు ఝల్లుమంది. నేను ఓడిపోతున్నానన్న సంగతే మర్చిపోయి, "శభాష్!" అని కేకేశాను.

మూడు బళ్ల తేడా.

"ఏవండీ, దీనికి నా టేపు చాలదు" అంది నా భార్య.

కూతురు నవ్వాపుకుంటూ దగ్గరకొచ్చింది. "డీజిలుని అంతసేపు ఒకే గేరులో పట్టి ఉంచకూడదు నాన్నా. తొందరగా గేరు మార్చేస్తే మళ్లీ అడుగు నుంచి లాగుతుంది. ఎవరి బండిలో వాళ్లుంటే తేడా సగం బండే. మిగతాదంతా నీ వాటా!"

ఒళ్లు మండాలి. మండలేదు. ఛాతీ ఉబ్బిపోయింది, కళ్లు చెమర్చాయి. నా ఇంజనూ తెలుసు, తన ఇంజనూ తెలుసు దీనికి! నాకు తెలిసింది ఒక్కటే. నడుము నుంచి తాళాలు తీసి చాచాను.

రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. "వద్దు. డీజిలు ఓడింది. పందెం పందెమే."

"పందెం బళ్ల మధ్యనే! నేను తాళాలివ్వనిది చెవి కుదరలేదనేగా? కుదిరిందని ఇప్పుడు నా చెవులతోనే విన్నాను. తీసుకుంటావా, రోడ్డు మీద పారెయ్యనా?"

"తీసుకోవే, లేకపోతే నిజంగానే పారేస్తారు" అంది వాళ్లమ్మ.

తీసుకుంది. తర్వాత నన్ను మళ్లీ బూడిద బండిలో కూర్చోబెట్టి, గేరు మీద ఉన్న నా చేతి మీద తన చెయ్యి వేసి, "ఇప్పుడు" అంటూ నేర్పింది. రెండుసార్లు తిట్టింది కూడా. పడ్డాను.

మర్నాడు పొద్దున్న అలవాటు కొద్దీ నేనే ముందు షెడ్డుకు చేరాను. షట్టరు వేసి ఉంది. నడుము తడుముకుంటే ఏమీ లేదు. బాగు చేయించుకోవడానికి వ్యాను తెచ్చిన బేకరీ ఆయన దిగి వచ్చాడు.

"ఏంటి మేస్త్రీ, బయట నిలబడ్డారు? తాళాలు మర్చిపోయారా?"

"లేదండీ, మా ఓనరమ్మ ఇంకా రాలేదు" అన్నాను.

వినపడిందో లేదోనని ఇంకోసారి, వీధి చివరిదాకా వినపడేలా అన్నాను.