అయిదో గీత

సుధామయి మేడమ్ ప్రాక్టికల్ క్లాసు ఏటా ఒకేలా మొదలవుతుంది. ఎమ్మెస్సీ పిల్లల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, తెర మీద హైడ్రోజన్ గొట్టం వెలిగించమంటుంది. అసలు గొట్టాలు ఎప్పుడో పగిలిపోయాయి, కొత్తవి కొనే నాథుడు లేడు, అందుకని ఈ సిమ్యులేషన్. మీట నొక్కగానే నల్లటి పట్టీ మీద నాలుగు రంగుల గీతలు పడతాయి. ఏ మూలకం గీతలు దానివే, ఇంకోదానికి రావు. ఆ నాలుగింటి మధ్యన, ఎదురుగా కూర్చున్న మనిషి గీత అయిదోది పడుతుంది.

పుస్తకంలో ఉన్నవి నాలుగే కనుక, ప్రింటు తీసేముందు ఎవరి గీత వాళ్ళు చెరిపేసుకోవడం డిపార్ట్‌మెంటులో ఆనవాయితీ. ఒకసారి చెరిపితే మళ్ళీ పడదు. "పరీక్షకి రానిది ఎందుకమ్మా, కొట్టెయ్" అని సుధామయి అందరికీ చెప్పేది. చదువుకునే రోజుల్లో తనదీ కొట్టేసుకుంది. అది ఏ రంగో ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.

అనంతపురం పిల్ల తేజస్వి ఒక్కతే చెరపనంది. ఆ పిల్లకి ప్రశ్నల పిచ్చి. గీత అక్కడే ఎందుకు పడాలి, కాస్త పక్కకి జరిగితే ఏమవుతుందని క్యాంటీన్లో చాయ్ చల్లారేదాకా అడిగేది. రీసెర్చ్ తప్ప ఇంకో ఊసు లేదు. ఆమె గీతది లేత చింతచిగురు రంగు.

"చూసింది చూసినట్టు రాయమని మీరే చెప్తిరి గదా మేడమ్. నాది నేనెందుకు తుడిపేసుకోవల్ల?"

సుధామయికి బెంగ పట్టుకుంది. బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ అయిదో గీత చూస్తే మార్కులు కోసేస్తాడు. మార్కులు పోతే రీసెర్చ్ సీటు పోయినట్టే. అందుకని పరీక్షనాడు పొద్దున్నే అటెండర్ సత్తయ్యతో ల్యాబ్ తీయించింది, తేజస్వి దాచుకున్న ఫైలు తెరిచింది.

"ఎవరిది వాళ్ళు కొట్టుకోవాలె గద మేడం" అన్నాడు సత్తయ్య, తాళాలు పట్టుకుని నిలబడి.

దాని మంచికేనంది సుధామయి. చింతచిగురు గీత చెరిగిపోయింది.

నాలుగు గీతల కాగితం చేతికొచ్చినప్పుడు తేజస్వి ఏమీ అడగలేదు. బుద్ధి వచ్చిందిలే అనుకుని సుధామయి ఊపిరి పీల్చుకుంది. మార్కులు అందరికన్నా ఎక్కువొచ్చాయి, సీటూ వచ్చింది. తేజస్వి చేరలేదు. ఫోన్ చేసి అడిగితే, "ఎందుకో మేడమ్, చేరల్లనిపించల్యా" అంది. తార్నాకలో కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతున్నానంది.

సుధామయి ఆగలేకపోయింది. చేసింది చెప్పేసుకుందామని తార్నాక మెట్రో దగ్గర దిగి, ఆ సెంటర్ మెట్లెక్కింది. అద్దం తలుపు అవతల తేజస్వి బోర్డు మీద హైడ్రోజన్ గీతలు గీస్తోంది. నాలుగే గీసింది. ముందు బెంచీలో రెండు జడల పిల్ల లేచి నిలబడింది.

"మేడమ్, అవి గాడనే ఎందుకు పడతయ్?"

తేజస్వి వెనక్కి తిరగలేదు. గొంతులో అనంతపురం యాస మచ్చుకైనా లేదు.

"పరీక్షకి రానిది ఎందుకమ్మా, కొట్టెయ్."

పిల్ల కూర్చుని, నోట్సులో రాసుకున్న ప్రశ్న కొట్టేసింది. సుధామయి తలుపు మీద వేసిన చెయ్యి తీసేసుకుంది. ఏమని చెబుతుంది? ఎందుకు చేశారని అడిగే పిల్ల అక్కడ లేదు.