కాజాల పెద్దాయన జలుబు

చివరి కాజా చుట్టూ దారం తిప్పి, ముడి బిగించి, చొక్కాను ఎడమ పక్కకు జరిపాడు కాజాల పెద్దాయన. అక్కడ పీట ఉంది. పీట మీద మనిషి లేదు. పెళ్ళయినప్పటినుంచీ అతను కాజా కుట్టడం, భార్య అందుకుని గుండీ కుట్టడం. ఆవిడ పోయి ఏడాది దాటినా చొక్కాలు ఎడమ పక్కకే పోతున్నాయి.

దర్జీ కొట్టు యజమాని, ఆవిడ తమ్ముడే, ఒక చొక్కా పట్టుకుని వచ్చాడు.

"బావా, ఈ చొక్కా కూడా గుండీల్లేకుండానే వెళ్ళిపోయింది. పాపం కుట్టించుకున్నాయన పెళ్ళికెళ్ళి బనీను చూపించుకొచ్చాడట."

"కాజాలెలా ఉన్నాయన్నాడు?"

"అవి చూడ్డానికే జనం మూగారట."

నవ్వబోతే దగ్గు ముందొచ్చింది. పక్కటెముకలు చొక్కాలోంచి లెక్కపెట్టేట్టు కదిలాయి. ఆ జలుబు కొట్టులో అందరినీ పలకరించినదే. మిగతావాళ్ళు నాలుగు తుమ్ములు తుమ్మి సాగనంపారు. ఇతను మాత్రం ఇల్లరికపుటల్లుడిలా అట్టేపెట్టుకున్నాడు. ఈ ఏడాదిలో వీధిలోకి వచ్చిన ప్రతి జ్వరమూ ముందు అతని గడపే తొక్కింది.

సాయంత్రం బావమరిది బలవంతాన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"తిండి?"

"తింటున్నానమ్మా."

"కంచం ముందు కూర్చోడాన్ని తినడం అంటున్నాడు" అన్నాడు బావమరిది.

"నిద్ర?"

"పక్కకి తిరిగినప్పుడల్లా మెలకువొస్తుంది."

డాక్టరమ్మ స్టెతస్కోపు అతని వీపుకి ఆనించి ఊపిరి విన్నది.

"వైరస్ అందరికీ ఒకటే పెద్దాయనా. మనసు ఇన్నాళ్ళు కుంగిపోయి ఉంటే, దాన్ని తరిమే సత్తువ ఒంటికి తగ్గిపోతుంది. ఇది ఊపిరితిత్తులదాకా పోయింది. ఇవాళే ఆస్పత్రిలో చేరాలి. దిగులుకి కూడా మందిస్తాను."

"అది వేసుకుంటే ఆవిడ గుర్తుండదా?"

"గుర్తుంటుంది. అన్నం కూడా సయిస్తుంది."

ఆ మాట అతనికి నచ్చినట్టే ఉంది. వేళ్ళ కొసలతో లేని సూదిని తిప్పుతూ ఆలోచించాడు.

"పొద్దున్నే చేరతాను. ఈ ఒక్క రాత్రి ఇంట్లో పడుకోనీయండి."

వద్దని ఇద్దరూ చెప్పి చూశారు. ఇంటి గుమ్మం దగ్గర, తోడు పడుకుంటానన్న బావమరిదిని కూడా పంపేశాడు.

"నాకు తోడెందుకురా, ఇల్లంతా మీ అక్కేగా."

తెల్లవారి బావమరిది ఆటో తీసుకుని వచ్చాడు. తలుపు దగ్గరే బట్టల సంచి సర్ది ఉంది. పెద్దాయన గోడవైపుకు ఒదిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. బావమరిది పిలిచాడు. భుజం తట్టాడు. ఒళ్ళు ఎప్పుడో చల్లబడిపోయింది.

ఇంట్లో ఉన్నది ఒక్కటే దుప్పటి. అది మంచానికి అవతలి సగం మీద, ఖాళీ దిండు దాకా కప్పి, చలి దూరకుండా అంచులన్నీ పరుపు కిందకి దోపి ఉంది.